సున్నం పెట్టిన పుట్టుమచ్చ

పిడుగురాళ్ల సున్నానికి పేరుపడిన ఊరు. సున్నంలో చాకలి సోడా కలిపి పులిపిరి మీద పెట్టడం మన పల్లెల్లో పాత అలవాటే. రెండూ కలిస్తే కాస్టిక్ సోడా పుడుతుంది, అది చర్మాన్ని తినేస్తుంది. పులిపిరి అనుకుని పుట్టుమచ్చ మీద పెడితే పైభాగం కాలి ఊడిపోతుంది, లోతున ఉన్న కణాలు మిగిలిపోతాయి. కొన్నాళ్లకు మానిన చోటునుంచే నలుపు మళ్లీ పొడుచుకొస్తుంది, ఈసారి వంకరటింకరగా. అప్పుడు భయం పుట్టి మాచర్ల నుంచో గురజాల నుంచో బస్సెక్కి నరసరావుపేట వస్తారు. సర్జన్ కోసి ఫార్మలిన్ సీసాలో వేసిన ముక్క పాథాలజిస్టునైన నా బల్ల మీదికి చేరుతుంది.

ముక్క పరీక్షల్లో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టేవి ఇవే. మామూలు పుట్టుమచ్చకు ఒక క్రమం ఉంటుంది. పైన రంగుతో నిండిన పెద్ద కణాలు గుంపులుగా ఉంటాయి. కిందికి దిగేకొద్దీ చిన్నవవుతాయి, రంగు తగ్గుతుంది, గుంపులు విడిపోతాయి. దీన్ని మెచ్యురేషన్ అంటాం. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో సాధారణంగా లోతుకు దిగినా కణాలు పెద్దగానే ఉంటాయి, అక్కడా విభజన సాగుతూనే ఉంటుంది. కాల్చాక తిరిగొచ్చిన మచ్చలో పై పొర కణాలు ఒంటరిగా, అడ్డదిడ్డంగా, కొన్ని పైకి పాకుతూ కనిపిస్తాయి. చూడగానే మెలనోమా అనిపిస్తుంది. 1975లో కార్న్‌బర్గ్, ఆకర్‌మన్ దీన్ని సూడోమెలనోమా అన్నారు. అలాంటప్పుడు కిందికి చూడాలి. గాయం మానిన నారపొర, దాని అడుగున పాత మచ్చ కణాలు చిన్నగా, నెమ్మదిగా. పైనున్న గందరగోళం నారపొర అంచుల్లోపలే ఆగిపోతుంది. అంచు దాటితే మాత్రం నాకు భయమేస్తుంది.

ఇంత వెతకాలంటే ముందు ఆ అనుమానం రావాలి. ముక్కతో వచ్చే ఫారంలో చాలాసార్లు ‘నల్ల మచ్చ’ అని తప్ప ఇంకేమీ ఉండదు. అందుకే మనిషిని పిలిపిస్తాను.

“దీనికి ఇంతకుముందు ఏమైనా పెట్టారామ్మా?”

“లేదండీ.”

పక్కనున్న పెద్దావిడ అందుకుంటుంది: “అదేందే, పోయిన సంక్రాంతికి సున్నం పెట్టాగా!”

ఆ మాటకున్న విలువ ఏ ఖరీదైన స్టెయినుకూ లేదని నా నమ్మకం.

వయసూ అంతే ముఖ్యం. సోఫీ స్పిట్జ్ అనే అమెరికన్ పాథాలజిస్టు 1948లో 13 మంది పిల్లల మచ్చల గురించి రాశారు. స్లైడులో అవి మెలనోమాల్లా ఉన్నా, ఆ పిల్లల్లో ఒక్కరే చనిపోయారు. ఇప్పుడు ఆ మచ్చను ఆమె పేరుతోనే స్పిట్జ్ నీవస్ అంటున్నాం. పొడుగాటి పెద్ద కణాలు, నిలువుగా దిగే గుంపులు, చుట్టూ సన్నని చీలికలు, అక్కడక్కడా కమినో బాడీస్ అనే గులాబీ రంగు ఉండలు. పదేళ్ల పిల్ల చెంప మీది ముక్కలో ఇవన్నీ కుదిరితే ధైర్యంగా సంతకం పెడతాను. అరవై ఏళ్ల రైతు వీపు మీది ముక్కలో అవే కనిపిస్తే పెట్టను.

మచ్చ పాతదో కొత్తదో తేలనప్పుడు టెన్త్ సర్టిఫికెట్టు తెమ్మంటాను. గుర్తింపు కోసం అందులో పుట్టుమచ్చలు రాస్తారు కదా. మెడ మీది మచ్చ అందులో ఉంటే అది బడి నాటిదని తెలిసిపోతుంది.

అరికాలి మచ్చతో ఇంకా జాగ్రత్త కావాలి. మన దేశంలో మెలనోమా అరుదే కానీ, వచ్చినప్పుడు అరికాలిని తరచుగా పట్టుకుంటుంది. చిక్కేమిటంటే అక్కడి నిరపాయమైన మచ్చలో కూడా కణాలు పైకి పాకుతాయి. ముక్కను చర్మపు గీతలకు అడ్డంగా కోస్తే గుంపులు దేనికది విడిగా కనిపిస్తాయి. గీతల వెంబడి కోస్తే అదే మచ్చ ఒకే నల్లటి పట్టీలా కలిసిపోతుంది. అందుకే ఈ ముక్కల్ని నేనే కోస్తాను. రంగు మరీ దట్టంగా ఉండి కేంద్రకాలు కనబడకపోతే స్లైడును బ్లీచ్ చేసి మళ్లీ చూస్తాను.

ఇన్ని చేసినా తేలనివి ఉంటాయి. బ్లాకును పెద్ద ల్యాబుకు పంపి హెచ్‌ఎంబి-45, పి16 స్టెయిన్లు చేయిస్తాం, సీనియర్ పాథాలజిస్టులకు స్లైడు చూపిస్తాం. అప్పటికీ తేలకపోతే రిపోర్టులో ఆ మాటే రాసి, చుట్టూ కాస్త మంచి చర్మంతో కలిపి మచ్చను పూర్తిగా తీసేయమని సర్జన్‌కు ఫోన్ చేస్తాను.