కుడిచేతి సంగీతం

ఎనభైల్లో రాక్ గిటార్ అంటే మెట్ల మీద వేళ్ల పరుగు. ఎడ్డీ వాన్ హేలన్ 1978లో ‘ఇరప్షన్’ అనే రెండు నిమిషాలు కూడా నిండని ముక్కతో ఆ పరుగుకు జెండా ఊపాడు. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు ఎవరి సోలో ఎంత వేగమన్నదే లెక్క. మరోపక్క 1983లో యమహా డీఎక్స్7 సింథసైజర్ వచ్చి పాటల్లో సగం చోటు ఆక్రమించింది. డ్రమ్స్‌ని స్టూడియోలో గేటెడ్ రివర్బ్‌తో ఉబ్బించడం ఫ్యాషనయింది. ఆ సందట్లో, 1986లో, అమెరికాలోని న్యూజెర్సీ నుంచి ‘ద గుడ్ ఎర్త్’ అనే ఆల్బమ్ వచ్చింది. చేసినవాళ్లు ద ఫీలీస్. పది పాటలు. సింథసైజర్ల హంగు లేదు, డ్రమ్స్ డ్రమ్స్‌లాగే వినిపిస్తాయి, గాయకుడి గొంతు గిటార్ల వెనక్కి తగ్గి ఉంటుంది. సోలోలున్నా అవి గొప్ప చెప్పుకోవు. రెండు గిటార్లు మాత్రం తీగల్ని ఆపకుండా మీటుతూ ఉంటాయి.

విమర్శకులు మెచ్చుకున్నారు. జనం పట్టించుకోలేదు. ఎనభైల గిటార్ రాక్ గురించి చెప్పేవాళ్లు ఈ బృందం మొదటి ఆల్బమ్‌నే తలుచుకుంటారు, రెండోదాన్ని దాటేస్తారు. కానీ తీగల్ని ఒక్క ఊపులో కలిపి మీటే స్ట్రమ్మింగ్ అనే పనిని, గిటార్ నేర్చుకునేవాళ్లు మొదటి నెలలోనే అయిపోయిందనుకునే ఆ పనిని, ఒక పూర్తి కళగా తీర్చిదిద్దింది ఈ రెండోదే.

రెండు ఆల్బమ్‌ల మధ్య ఆరేళ్లు

న్యూజెర్సీలో హేల్డన్ అనే చిన్న ఊరు ఫీలీస్ పుట్టిల్లు. గ్లెన్ మెర్సర్, బిల్ మిలియన్ అనే ఇద్దరు గిటారిస్టులే బృందానికి మూలం. 1978 నాటికే న్యూయార్క్ పత్రిక ‘విలేజ్ వాయిస్’ వీళ్లను ఆకాశానికెత్తింది. 1980లో స్టిఫ్ రికార్డ్స్ ద్వారా ‘క్రేజీ రిథమ్స్’ విడుదలైంది. యాంటన్ ఫియర్ డ్రమ్స్, కీత్ క్లేటన్ బేస్ గిటార్. వాద్యాల పట్టికలో డబ్బాలు, గరుకు కాగితం, కోట్లు తగిలించే స్టాండు కూడా చేరిన ఆల్బమ్ అది. పాటలు కంగారుగా, నరాలు బిగబట్టినట్టు పరిగెడతాయి. నీలం రంగు నేపథ్యంలో నలుగురు కుర్రాళ్లు నిలబడిన దాని అట్ట కూడా పేరు పడ్డదే. 1994లో వీజర్ బృందం తమ మొదటి ఆల్బమ్ అట్టను అదే పద్ధతిలో వేసుకుంది.

‘రోలింగ్ స్టోన్’ పత్రిక 1989లో ఆ దశాబ్దపు మేటి వంద ఆల్బమ్‌లు ఎంచినప్పుడు ‘క్రేజీ రిథమ్స్’కి 49వ స్థానం ఇచ్చింది. కానీ విడుదలైన రోజుల్లో అది పెద్దగా అమ్ముడుపోలేదు. కంపెనీతో పొసగలేదు. ఫియర్ వెళ్లిపోయి గోల్డెన్ పాలమినోస్ అనే సొంత బృందం పెట్టుకున్నాడు. క్లేటన్ కూడా తప్పుకున్నాడు.

మెర్సర్, మిలియన్ ఇంటి దగ్గరే ఉండిపోయారు. ట్రైప్స్, విల్లీస్, యుంగ్ వు అని రకరకాల పేర్లతో చుట్టుపక్కల స్నేహితులతో కలిసి వాయించారు. ఈ పక్కదారులే వాళ్ల సంగీతాన్ని మార్చాయి. ట్రైప్స్‌లో నెమ్మది ఉంది, ఇంట్లో కూర్చుని వాయించుకునే తీరు ఉంది. ఆ గుంపుల్లోంచే బ్రెండా సాటర్ బేస్‌కి, స్టాన్ డెమెస్కీ డ్రమ్స్‌కి వచ్చారు. తొలినాళ్ల నుంచీ తెలిసిన డేవ్ వెకర్‌మన్ తాళవాద్యాలకు చేరాడు. ఈ అయిదుగురే ‘గుడ్ ఎర్త్’ ఫీలీస్.

హోబోకెన్ కేంద్రంగా నడిచిన కయోటీ రికార్డ్స్ అనే చిన్న సంస్థ ఆల్బమ్ విడుదల చేసింది. నిర్మాణంలో మెర్సర్, మిలియన్‌లకు తోడు నిలిచింది ఆర్.ఈ.ఎం. గిటారిస్టు పీటర్ బక్. అప్పటికే అతని బృందానికి అమెరికా అంతటా పేరుంది. ‘క్రేజీ రిథమ్స్’ను అభిమానించి, తన గిటార్ మీద దాని ప్రభావం ఉందని చాటుకున్న మనిషి అతను. శిష్యుడనదగ్గవాడు వచ్చి గురువుల పక్కన కూర్చున్నాడన్నమాట. ఆల్బమ్ వింటే మాత్రం అతని ముద్ర ఎక్కడా పైకి కనబడదు. ఉన్న ధ్వనిని చెడగొట్టకుండా కాపాడటమే అతను చేసిన మేలు.

చేయి ఆగకూడదు

ఈ సంగీతం పనితీరు తెలియాలంటే ముందు చేతి నుంచి మొదలుపెట్టాలి. ఒక దెబ్బను నాలుగు భాగాలు చేయండి. కుడిచేయి కిందికి, పైకి, కిందికి, పైకి. పాట మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా ఆ కదలిక ఆగదు. తీగల్ని తాకినా తాకకపోయినా చేయి మాత్రం ఊగుతూనే ఉండాలి. ఏ ఊపులో తీగ తగలాలి, ఏ ఊపు గాలిలో పోవాలి, ఎక్కడ గట్టిగా పడాలి అనేదే పాటకు నడక ఇస్తుంది. ఎడమచేయి కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) మీద పట్టు కొంచెం వదిలితే స్వరం పోయి ‘చిక్’ అనే పొడి శబ్దం మిగులుతుంది. అప్పుడు గిటార్ తాళవాద్యం అవుతుంది. ‘ద లాస్ట్ రౌండప్’ లాంటి పాటలో డ్రమ్స్ ఎక్కడ ఆగాయో గిటార్ ఎక్కడ మొదలైందో విడదీయడం కష్టం.

ఇది శుభ్రమైన ధ్వనితోనే సాధ్యం. యాంప్లిఫయర్‌ని దాని శక్తికి మించి తోస్తే వచ్చే గరుకుదనమే డిస్టార్షన్. అది తరంగపు శిఖరాలను నరికేస్తుంది కాబట్టి మెల్లగా మీటినా గట్టిగా మీటినా దాదాపు ఒకే మోత వస్తుంది. పైగా ఆరు తీగల నిండు కార్డ్‌ని దాంట్లోంచి పంపితే స్వరాలు ఒకదానితో ఒకటి కలిసి బురదవుతాయి. అందుకే భారీ రాక్ వాయించేవాళ్లు రెండు స్వరాల పవర్ కార్డ్స్‌తో సరిపెట్టుకుంటారు. ఫీలీస్ ఆల్బమ్ నిండా ఉన్న గిటార్లు చాలావరకు శుభ్రంగా మోగుతాయి. ప్రతి మీటులోని బరువూ తేలికా వినబడతాయి. తప్పు జరిగితే అదీ వినబడుతుంది. వేగమైన సోలోలో దాక్కునే చోటుంటుంది. తేటగా మోగే స్ట్రమ్మింగ్‌లో ఉండదు.

మొదటి ఆల్బమ్‌కీ దీనికీ పెద్ద తేడా అకూస్టిక్ గిటార్. దాని నాదం త్వరగా ఆరిపోతుంది. ధ్వని నిలవాలంటే చేయి ఆపకూడదు. ‘గుడ్ ఎర్త్’లో అకూస్టిక్ గిటార్ అడుగున పొరలా సాగుతుంటే దాని మీద ఎలక్ట్రిక్ గిటార్లు పేర్చుకుంటాయి. ఇద్దరు గిటారిస్టులూ ఒకే కార్డ్‌ని ఒకే చోట పట్టుకుంటే చిక్కదనం తప్ప ఇంకేమీ రాదు. ఒకరు మెట్ల మొదట్లో, మరొకరు మెడకు నడుమన పట్టుకుంటే అవే స్వరాలు వేర్వేరు ఎత్తుల్లో మోగి, ఎవరూ వాయించని మూడో రాగం చెవికి తడుతుంది. ఇద్దరు గిటారిస్టుల బృందాలు సాధారణంగా ఒకరికి సోలో, ఒకరికి తోడు అని పనులు పంచుకుంటాయి. ఇక్కడ ఆ అంతస్తులు చెరిగిపోయాయి. బుర్రకథలో వంతలే కథ నడిపిస్తూ, కథకుడు అప్పుడప్పుడు అందుకుంటే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది.

గాయకుడిగా మెర్సర్ కూడా ఆ వంతకు లోబడే పాడతాడు. గొంతు ఎత్తడు, మాటలు తక్కువ. ‘లెట్స్ గో’లో చెప్పే సంగతి గుప్పెడు మాటల్లో ముగిసిపోతుంది. మిగిలినదంతా గిటార్లదే. సాటర్ బేస్ నిలకడగా నేల పట్టుకుని ఉంటుంది. డెమెస్కీ, వెకర్‌మన్ ఇద్దరూ కలిసి లయను దట్టం చేస్తారే కానీ బరువు చేయరు.

వీళ్ల పనితనం అంతా ఒక్క పాటలో చూడాలంటే ‘స్లిప్పింగ్ (ఇన్‌టు సమ్‌థింగ్)’ వినాలి. పాట తీరుబడిగా మొదలవుతుంది. కొంతసేపటికి నడక బిగుస్తుంది. ఎవరు తోశారో తెలియదు, ఒక్కో పొరా చేరుతుంది, చివరికొచ్చేసరికి మొత్తం బృందం పరుగులో ఉంటుంది. ఇక్కడ ఉద్వేగమంతా చేతుల ఒత్తిడి నుంచి, కాలం బిగింపు నుంచి వస్తుంది.

శ్రుతి నడిచిన దారి

ధ్వనిని ఆగనీయకుండా నిలబెట్టే ఈ విద్య ఫీలీస్ కనిపెట్టింది కాదు. దీని వంశవృక్షంలో భారతదేశం కూడా ఉంది. 1950ల్లో అమెరికాలో విడుదలైన ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్ సరోద్ రికార్డును లా మాంటే యంగ్ అనే యువ స్వరకర్త విన్నాడు. అతన్ని కట్టిపడేసిన వాటిలో తంబూరా శ్రుతి ఒకటి. తర్వాత అతను న్యూయార్క్‌లో గంటల తరబడి ఒకే స్వర సముదాయాన్ని నిలబెట్టే బృందం నడిపాడు. వేల్స్ నుంచి వచ్చిన జాన్ కేల్ అందులో వయోలా వాయించేవాడు. 1965లో కేల్, లూ రీడ్ కలిసి వెల్వెట్ అండర్‌గ్రౌండ్ బృందానికి పునాది వేసినప్పుడు ఆ శ్రుతి వయోలాలోంచి రాక్‌లోకి వచ్చింది.

1968లో కేల్ వెళ్లిపోయాడు. వయోలా పోయింది కానీ శ్రుతి పోలేదు, లూ రీడ్, స్టెర్లింగ్ మారిసన్‌ల గిటార్లలోకి దిగింది. 1969 నాటి మూడో ఆల్బమ్‌లోని ‘వాట్ గోస్ ఆన్’ పాటను వాళ్లు వేదిక మీద ఎనిమిది నిమిషాలు దాటించి వాయించిన రికార్డింగ్ ఒకటుంది. అందులో అసలు కథానాయిక స్ట్రమ్మింగే. కార్డ్స్ మారుతున్నా కొన్ని తీగల్ని మెట్లు నొక్కకుండా వదిలేస్తే ఒకటి రెండు స్వరాలు మారకుండా మోగుతుంటాయి. తంబూరా చేసే పని ఇక్కడ గిటారే చేసుకుంటుంది. డ్రమ్స్ దగ్గర మౌరీన్ టక్కర్ సింబల్స్ జోలికి ఎక్కువగా పోకుండా, నిలబడి, సూటిగా దరువు వేసేది. ఫీలీస్ ఈ పాఠాలన్నీ నేర్చుకున్నారు, దాచుకోలేదు. 1988 నాటి ‘ఓన్లీ లైఫ్’ ఆల్బమ్‌లో ‘వాట్ గోస్ ఆన్’ని వాయించారు. 1989లో లూ రీడ్ కచేరీల్లో అతనికంటే ముందు వేదికెక్కి వాయించారు. 2018లో జెర్సీ సిటీలో చేసిన వెల్వెట్ అండర్‌గ్రౌండ్ పాటల కచేరీ 2023లో ఆల్బమ్‌గా వచ్చింది.

ఎందుకు మరుగునపడింది?

మొదటి ఆల్బమ్‌కి కొత్తదనం ఉంది, అట్ట ఉంది, ఆరేళ్ల నిశ్శబ్దం వల్ల పెరిగిన పురాణం ఉంది. రెండోదానికి ఇవేవీ లేవు. చిన్న సంస్థ విడుదల చేసింది కాబట్టి చాలా ఊళ్ల దుకాణాలకు చేరలేదు. 1986లోనే జొనాథన్ డెమ్మీ ‘సమ్‌థింగ్ వైల్డ్’ సినిమాలో బడి పూర్వ విద్యార్థుల వేడుకలో వాయించే బృందంగా ఫీలీస్ కనిపించారు. అక్కడా ‘విల్లీస్’ అనే మారుపేరే. ఆ తర్వాత ఏ అండ్ ఎం అనే పెద్ద కంపెనీకి రెండు ఆల్బమ్‌లు చేశారు. 1991 నాటి ‘టైమ్ ఫర్ ఎ విట్‌నెస్’ తర్వాత మిలియన్ ఫ్లోరిడా వెళ్లిపోవడంతో బృందం ఆగిపోయింది. ‘గుడ్ ఎర్త్’ చాలాకాలం దుకాణాల్లో దొరకలేదు.

2008 జులై 4న న్యూయార్క్ బ్యాటరీ పార్క్‌లో సోనిక్ యూత్ బృందంతో కలిసి ఫీలీస్ మళ్లీ పెద్ద వేదిక ఎక్కారు. 2009లో బార్/నన్ సంస్థ మొదటి రెండు ఆల్బమ్‌లనూ తిరిగి విడుదల చేసింది. అదే ఏడాది ఆల్ టుమారోస్ పార్టీస్ ఉత్సవం వాళ్లతో పూర్తిగా వాయించుకున్నది ‘క్రేజీ రిథమ్స్’నే. రెండోది మళ్లీ నీడలోనే ఉండిపోయింది. కానీ రెండూ పక్కపక్కన పెట్టి వినే వీలు అభిమానులకు మళ్లీ చిక్కింది. అప్పటి నుంచి ఏది గొప్పదన్న వాదన నడుస్తోంది. మొదటిదాని మెరుపు ఎవరూ కాదనరు. కాకపోతే ఆ ధాటిని వాళ్లే మళ్లీ అందుకోలేదు. రెండోదాని పద్ధతి మాత్రం వాళ్ల తర్వాతి సంగీతానికంతా పునాది అయింది. 2011 నాటి ‘హియర్ బిఫోర్’, 2017 నాటి ‘ఇన్ బిట్వీన్’ ఈ దారిలోవే.

లోపాలు లేవని కాదు. పాటల మధ్య పోలికలు ఎక్కువ. మొదటిసారి వింటే కొన్ని ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. మాటల కోసం రాక్ వినేవాళ్లకు ఇక్కడ తిండి తక్కువ. గొంతు వినబడటం లేదన్న ఫిర్యాదులోనూ నిజముంది. కానీ ఈ లోపాలన్నీ ఒకే నిర్ణయం నుంచి వచ్చినవి: ఎవరూ ముందుకు రాకూడదు, మొత్తం కదలాలి. గొంతు పెంచినా, సోలో పొడిగించినా ఆ కదలిక చెదిరిపోయేది.

ఇవాళ గిటార్ పట్టుకున్న ప్రతివారికీ స్ట్రమ్మింగ్ తొలి పాఠమే. నాలుగు కార్డ్స్ వచ్చాక దాన్ని వదిలేసి సోలోలకు ఎగబడతారు. మెర్సర్, మిలియన్ ఆ తొలి పాఠం దగ్గరే దశాబ్దాల పాటు కూర్చున్నారు. అందుకే ఈ ఆల్బమ్ వినదలచుకుంటే సోలో కోసం ఎదురుచూడకండి. గొంతును కాసేపు పక్కన పెట్టి, హెడ్‌ఫోన్స్‌లో ఒక గిటార్‌ని పట్టుకుని పాట చివరిదాకా దాని వెంటే వెళ్లండి. రెండోసారి రెండో గిటార్ వెంట వెళ్లండి. మూడోసారి రెండూ కలిపి వినేసరికి, మొదట ఒకేలా అనిపించిన పది పాటలకూ పది నడకలున్నాయని తెలుస్తుంది.