అధ్యాయానికీ అధ్యాయానికీ మధ్య

మన నవలల్లో భర్తకి బదిలీ అవుతుంది. అక్కడితో అధ్యాయం ముగుస్తుంది. తర్వాతి అధ్యాయం తెరిచేసరికి కథానాయిక కొత్త ఇంటి వరండాలో కుర్చీ వేసుక్కూర్చుని, వాన చూస్తూ కాఫీ తాగుతూ ఉంటుంది. ఆ కాఫీ గ్లాసు ఏ మూటలోంచి బయటికొచ్చిందో, ఫిల్టరు మూత కోసం ఎన్ని పెట్టెలు విప్పారో, పాలపాకెట్లు వేసే అబ్బాయి ఎలా దొరికాడో రచయితకీ పట్టదు, రచయిత్రికీ పట్టదు. రచయిత్రి అన్నది ఎవర్నో దెప్పడానికి కాదు లెండి. నన్ను నేనే అనుకుంటున్నాను.

ఈ జూన్‌లో మేము చిక్కడపల్లి నుంచి మియాపూర్‌కి మారాం. పదకొండు నెలల అగ్రిమెంట్లు తిరగరాసుకుంటూ పదకొండేళ్ళు ఒకే ఇంట్లో గడిపేశాం. (ఏడాదికి మించి రాసుకుంటే రిజిస్టరు చేయించాలి కాబట్టి దేశమంతా పదకొండు నెలలకే రాసుకుంటుంది. అద్దెకున్నవాళ్ళ జీవితంలో పన్నెండో నెల ఎప్పుడూ దేవుడి దయే.) ఇంటివాళ్ళ అబ్బాయికి పెళ్ళి కుదిరింది, ఇల్లు కావాలన్నారు. మావారి ఆఫీసు ఎలాగూ హైటెక్ సిటీ వైపే. సరే అనుకున్నాం.

హైదరాబాదులో ఇళ్ళు మారేవాళ్ళందరూ ఒక్కసారే ఎందుకు మారతారో ఆ హడావిడిలో పడితే గానీ నాకు తెలిసిరాలేదు. ఏప్రిల్‌లో పిల్లల పరీక్షలైతే గానీ కదలలేం. మేలో పెళ్ళిళ్ళూ, అమ్మమ్మగారి ఊళ్ళూ. తెలంగాణలో మామూలుగా జూన్ 12న బడులు తెరుస్తారు. ఆపైన ఆషాఢం తరుముకొస్తుంది, ఆషాఢంలో ఇల్లు మారకూడదాయె! ఇక మిగిలిందెంత? పట్టుమని రెండు మూడు వారాలు. ఆ కాస్త సందులోనే టులెట్ బోర్డులూ, ట్రాలీ ఆటోలూ, యూనిఫారం కొలతలూ, నోటుపుస్తకాలకి అట్టలూ, తొలకరి జల్లూ. అన్నీ ఒకేసారి నెత్తిన పడతాయి. పాలు పొంగించిన గిన్నె స్టవ్వు మీదుండగానే స్కూలు బస్సు ఏ మలుపు దగ్గర ఆగుతుందో కనుక్కోవడానికి పరిగెత్తాను.

సామాను ఎక్కిస్తున్న పెద్దాయన ఒక డబ్బా లేపబోయి మళ్ళీ కింద పెట్టాడు.

"అమ్మా, ఇందుల ఏమున్నయ్, రాళ్ళా?"

"పుస్తకాలు, తాతా."

"ఇవన్నీ సదివిన్రా?" అని ఆశ్చర్యంగా చూశాడు. నిజం చెప్పొద్దూ, సిగ్గేసింది. అందులో సగం నేను రాసినవే. అమ్ముడుపోక మిగిలిన కాపీలు.

కొత్త ఇంట్లో ఆ డబ్బా విప్పింది మా అమ్మాయి. తొమ్మిదో తరగతి. మూటల మీద కూర్చుని నా మొదటి నవల ఒక్క మధ్యాహ్నంలో చదివేసింది. అందులో బ్యాంకు ఉద్యోగి భార్యకి నాలుగు ఊళ్ళు మారడం, ఒక కూతురు. సాయంత్రం నేను పప్పుల డబ్బాలు సర్దుకుంటుంటే వచ్చి నిలబడింది.

"అమ్మా, గుంటూరు నుంచి వైజాగ్ వెళ్ళారు కదా, ఈ పాపకి టీసీ ఎవరు తెచ్చారు?"

"ఎవరో తెచ్చుంటార్లే."

"పాత స్కూల్లో వాళ్ళ ఫ్రెండ్‌కి చెప్పి వచ్చిందా? కొత్త బస్సులో ఎవరి పక్కన కూర్చుంది?"

"అదంతా కథకి అవసరం లేదే!"

"పాపకి అవసరం కదా," అని వెళ్ళిపోయింది.

ఇరవయ్యేళ్ళుగా రాస్తున్నాను. సమీక్షలు చాలానే వచ్చాయి. ఇంత చిన్నదీ ఇంత సూటిదీ ఇంకోటి రాలేదు.

రాత్రి పుస్తకాలు అలమార్లో పెడుతూ, ఎవరెవరు ఎలా తప్పించుకున్నారా అని చూడడం మొదలెట్టాను. 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం'లో అసలు కథ నడవడానికి బడి సెలవులే కారణం. చదువు చెప్పే మిషతో గిరీశం వెంకటేశం వెంట అగ్రహారం చేరతాడు. అప్పులవాళ్ళనీ, పూటకూళ్ళమ్మనీ వదిలించుకుని వెళ్ళే మనిషికి సామానెక్కడిది? నాలుకే అతని సామాను. మొక్కపాటివారి 'బారిష్టర్ పార్వతీశం'లో మొగల్తూరు నుంచి ఇంగ్లండు దాకా అతని ప్రయాణపు తంటాలన్నీ మనం కడుపుబ్బ నవ్వుతూ చదివాం. అంటే తంటాలు సాహిత్యానికి పనికిరావని కాదన్నమాట! ఒంటరి మగవాడు చేతిసంచి పట్టుకుని తికమకపడితే అది హాస్యం. ఆడమనిషి నలభై మూటలు, ముగ్గురు మనుషులు, ఒక తులసికోట వెంటేసుకుని కదిలితే అది అధ్యాయానికీ అధ్యాయానికీ మధ్య జాగా.

సినిమా వాళ్ళూ అంతే. 1955 నాటి 'మిస్సమ్మ' నాకు ప్రాణం. బడి ఉద్యోగం కోసం దంపతులుగా నటిస్తూ ఇద్దరు ఊరు మారిన కథ అది. వాళ్ళకి కాపురానికి ఇల్లు సిద్ధంగా ఉంటుంది. అందుకే వెన్నెల్లో పాటలు పాడుకోవడానికి తీరిక దొరికింది అనుకుంటాను. (కోప్పడకండి, ఆ పాటలు నాకూ ఇష్టమే.)

అలాగని ప్రతి మూటా విప్పి చూపించాలని నేననడం లేదు. అలా రాస్తే నవల కాదు, చాకలిపద్దు అవుతుంది. కథ అన్నాక కొంత వదిలెయ్యాలి. పి. సత్యవతిగారి 'ఇల్లలకగానే' కథ చూడండి. ఇల్లు అలకడమనే ఒక్క పని పట్టుకున్నారు. అందులోంచే తన పేరు తనే మరిచిపోయిన ఇల్లాలిని బయటికి తీశారు. ఎంత రాశారన్నది కాదు, ఎక్కడ ఆగి చూశారన్నది ముఖ్యం.

మరి నేనెక్కడ ఆగాను? ఆ నవల మళ్ళీ తిరగేస్తే నాకే కళ్ళు తిరిగాయి. గుంటూరు బ్యాంకులో భర్తకి జరిగిన వీడ్కోలు సభకి పేజీన్నర ఇచ్చాను. పూలదండ, శాలువా, మేనేజరు ఉపన్యాసం, అన్నీ వివరంగా. ఆ వారమే భార్యా కూతురూ ఇల్లు కట్టగట్టుకుని వైజాగ్ చేరడానికి ఒకే ఒక్క వాక్యం. అందులోనూ 'సంతోషంగా' అని ఒక మాట.

ఆ మాట ఎందుకు పెట్టానో ఇప్పుడు తెలుస్తోంది. అది చిన్న విషయమని వదిలెయ్యలేదు నేను. భయపడి వదిలేశాను. ఆ ఇల్లాలిని ఖాళీ ఇంట్లో ఒక్క పావుగంట నిలబెట్టి ఉంటే, గోడ మీద పెన్సిలుతో గీసిన పాప ఎత్తుల గీతల ముందు నిలబెట్టి ఉంటే, ఆమె సంతోషంగా వెళ్ళేది కాదు. "నన్నడిగారా?" అనేది. పాప "నన్నడిగారా?" అనేది. అక్కణ్ణుంచి నా కథ నేననుకున్న దారిన నడిచేది కాదు. వాళ్ళు నోరు విప్పుతారేమోనని అధ్యాయం మార్చేశాను.

మా ఇంట్లోనూ జరిగింది అదే కదా. ఇల్లు చూసి రావడానికి నేనూ మావారూ వెళ్ళాం. పాత బడిలో టీసీ కోసం మూడుసార్లు తిరిగాను, ఆడని మూడో టర్ము బస్సు ఫీజు కడితే గానీ ఇవ్వమన్నారని కోపం తెచ్చుకున్నాను, కట్టాను. వంటింటి గట్టు ఎత్తు గురించి కూడా చర్చించాం. పిల్లని అడగలేదు.

మొన్న ఆదివారం దాని నోటుపుస్తకాలకి అట్టలు వేస్తుంటే లెక్కల పుస్తకం వెనక పేజీ కనిపించింది. మియాపూర్‌లో మెట్రో ఎక్కాలి, మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో దిగి 2020లో మొదలైన రెండో లైను బండి పట్టుకోవాలి, చిక్కడపల్లిలో దిగాలి. పోను ఎంతసేపు, రాను ఎంతసేపు, రైలు చార్జీ ఎంత, స్కూలు బస్సు ఫీజు కన్నా నెలకి ఎంత తక్కువ. అన్నీ కూడికలతో సహా పొందిగ్గా వేసింది. కింద జూన్ మొదటివారం తేదీ. అంటే మేము ఇంకా సామాను కట్టకముందే. ఎవరూ అడగలేదు కనక ఎవరికీ చూపించలేదు.

ఆ పేజీ మీద అట్ట మడత రాకుండా వేశాను.

ఆ నవల మళ్ళీ అచ్చు వేస్తామని ప్రచురణకర్త ప్రూఫులు పంపారు. దిద్దుకోండి గానీ పేజీలు మాత్రం పెంచకండి, కాగితం ధర మండిపోతోందన్నారు. పూలదండ తీసేస్తే పది పంక్తులు వచ్చాయి. శాలువాకి ఇంకో ఆరు. చివరికి మేనేజరు ఉపన్యాసంతో సహా సభ మొత్తం కొట్టేశాను, పేజీన్నర చేతికొచ్చింది. 'సంతోషంగా' అన్న మాట మా అమ్మాయే ఎర్ర పెన్నుతో కొట్టేసింది. టీసీ సంగతి రాసి ఇచ్చాను, చదువుతోంది. బస్సులో పాప ఎవరి పక్కన కూర్చుందో తను చెబుతానంది. ఇంకా చెప్పలేదు.