మెలిక విప్పే చెయ్యి

పశువుల ఆసుపత్రి అనగానే మనకు గుర్తొచ్చేవి గాలికుంటు టీకా, నట్టల మందు, ఎద సూది. అవన్నీ కావలసినవే. కానీ పశువుల డాక్టరు పనితనం చూడాలంటే గర్భసంచి తిరిగిన గేదె దగ్గర చూడాలి. మందు సీసాల కన్నా మనిషి చేతి మీద ఆధారపడ్డ వైద్యం అది. పొడవాటి బల్ల ఒకటి, రెండు మూడు మోకులు, అరడజను మంది మనుషులు. సరంజామా అంతే.

గేదె చూడి కాలం సుమారు 310 రోజులు. గర్భసంచి తిరిగే ఈ ఆపద ఎక్కువగా ఆఖరి రోజుల్లోనో, సరిగ్గా ఈనే పూటో వచ్చిపడుతుంది. ఆవుల్లోనూ ఉంది గానీ గేదెల్లో మరీ ఎక్కువ. వెడల్పాటి కడుపు, గర్భసంచిని పట్టి ఉంచే పొరల్లో కండబలం తక్కువ. పైగా పశువు లేచేటప్పుడు వెనక భాగాన్ని ముందు లేపుతుంది. ఆ కాసేపూ ముప్పై కిలోల దాకా తూగే దూడతో, ఉమ్మనీటితో నిండిన సంచి కడుపులో వేలాడుతుంటుంది. ఒక్క కుదుపు చాలు, తిరిగిపోతుంది. ఎడమ పక్కన పెద్ద పొట్ట అడ్డు కాబట్టి తిరిగేది ఎక్కువగా కుడికే.

రైతుకు ఇదేమీ కనిపించదు. గేదె లేస్తుంది, పడుకుంటుంది, కాలితో కడుపు తన్నుకుంటుంది, మేత ముట్టదు. నొప్పులొచ్చినట్టే ఉంటుంది, ఉమ్మనీటి తిత్తి మాత్రం బయటికి రాదు. కాసేపటికి నొప్పులూ సద్దుమణుగుతాయి. “ఇంకా టైముందిలే బావా” అని పక్క చేనాయన ధైర్యం చెబుతాడు. ఆ ధైర్యమే ఎన్నో గేదెల ప్రాణం తీసింది.

డాక్టరు వచ్చి భుజం దాకా తొడుగు వేసుకుని, జారుడు పదార్థం రాసుకుని ఈత దారిలో చెయ్యి పెడతాడు. నేరుగా పోవాల్సిన చెయ్యి ఒకచోట ఇరుకై పక్కకు తిరుగుతుంది. ధాన్యం బస్తా మూతి పట్టి మెలితిప్పితే గోనె ఎలా ముడతలు పడుతుందో లోపలి గోడలు అలా ముడతలు పడి ఉంటాయి. ఆ ముడతలు ఎటు తిరిగాయో వేళ్లతో వెంబడించాలి. చెయ్యి తిరిగిన డాక్టర్లు ఆ సమయంలో గేదె వైపు చూడరు. ముఖం ఎటో తిప్పి కొట్టం కప్పు చూస్తుంటారు. ధ్యాసంతా వేళ్ల కొసల్లో ఉంటుంది.

మెలిక గర్భసంచి మూతికి అవతల పడితే ఈ ముడతలు కూడా దొరకవు. అప్పుడు మలద్వారం గుండా చెయ్యి పెట్టి, సంచికి అటూ ఇటూ ఉండే పొరలను తడుముతాడు. కుడి మెలిక అయితే ఎడమ పొర సంచి మీదుగా బిగుసుకుని కుడికి లాగి ఉంటుంది, కుడి పొర కిందికి జారి ఉంటుంది. ఇక్కడ పొరబడితే తర్వాత చేసేదంతా మెలికను ఇంకా బిగించడమే అవుతుంది. నన్నడిగితే ఈ వైద్యంలో సగం పాండిత్యం ఈ రెండు నిమిషాల్లోనే ఉంది.

ఇక మెలిక విప్పడం. దీని వెనకున్న ఆలోచన చూడండి, ముచ్చటేస్తుంది. లోపలి సంచిని తిప్పడం చాలాసార్లు చేతి వల్ల అయ్యే పని కాదు కనుక, సంచిని కదలకుండా అదిమి ఉంచి దాని చుట్టూ గేదెను తిప్పుతారు! పుస్తకాల్లో దీన్ని షాఫర్ పద్ధతి అంటారు. గేదెల భారీ కడుపుకు తగ్గట్టు మన దేశపు పశువైద్యులు దీన్ని మార్చుకున్నారు. బల్ల పొడవును 9–12 అడుగుల దాకా పెంచారు, దాని మీద మనుషుల బరువూ పెంచారు.

ముందు గేదెను పడుకోబెట్టాలి. మోకు ఒకటే. మెడకు కట్టి, ముందు కాళ్ల వెనగ్గా ఛాతీ చుట్టూ ఒక మెలి, పొదుగుకు ముందు కడుపు చుట్టూ ఇంకో మెలి వేసి వెనక్కి తిన్నగా లాగితే అంత గేదే మోకాళ్లు మడిచి కూలబడుతుంది. మోకు పొదుగు మీదికి జారకుండా చూసుకోవాలి. మెలిక కుడికి ఉంటే కుడి పక్కకే పడెయ్యాలి. ముందు కాళ్లు రెండూ ఒక కట్టు, వెనక కాళ్లు రెండూ ఒక కట్టు. తల దగ్గర ఒకరు కూర్చుంటారు. బల్ల ఒక చివర నేలకు ఆనించి, పైకి తేలిన ఎడమ డొక్క మీదుగా వాల్చి, దాని మీద మనిషిని నిలబెడతారు. డాక్టరు “ఊఁ” అనగానే కాళ్ల తాళ్లు పట్టినవాళ్లు గేదెను వీపు మీదుగా అవతలి పక్కకు నెమ్మదిగా దొర్లిస్తారు. బల్ల కింద సంచి ఆగుతుంది, గేదె తిరుగుతుంది.

ప్రతి దొర్లింపు తర్వాతా మళ్లీ చెయ్యి పెట్టి చూస్తాడు. మెలిక విడితే ఇందాక అడ్డుపడిన దారి తెరుచుకుంటుంది, ఆగిపోయిన ఉమ్మనీరు ఒక్కసారిగా దూకుతుంది, వేళ్లకు దూడ గిట్టలు తగులుతాయి. సంచి మూతి ఇంకా విచ్చుకోకపోతే గంటలకొద్దీ ఆగాల్సి వస్తుంది. అప్పుడు లాగమని చుట్టూ ఉన్నవాళ్లు చేసే ఒత్తిడికి లొంగని డాక్టరే మంచి డాక్టరు.

ఇంకో విద్య కూడా ఉంది, ఎక్కడ ఆపాలో తెలియడం. మెలిక పడి ఒకటి రెండు రోజులు గడిస్తే సంచి చుట్టుపక్కలకు అంటుకుపోతుంది, గోడ నాసిపోతుంది. అలాంటి గేదెను మొండిగా దొర్లిస్తే సంచి చిట్లి, లేని ప్రమాదం తెచ్చుకున్నట్టవుతుంది. మూడు నాలుగు దొర్లింపులకూ విడకపోతే బల్ల పక్కన పెట్టి, పొట్ట కోసి దూడను తీయడమే దారి.

మీ కొట్టంలో చూడి గేదె నొప్పులు పడుతూ, ఒక పూట గడిచినా ఉమ్మనీటి తిత్తి కనిపించకపోతే ఎవరి చేతా చెయ్యి పెట్టించకండి, లాగించకండి. దగ్గరి పశువుల ఆసుపత్రికి కబురు చేయండి. సంచార పశువైద్య వాహనం కావాలంటే 1962కి ఫోన్ చేయండి. డాక్టరు వచ్చేలోగా ఒక పొడవాటి బల్ల, మోకులు, ఆరుగురు మనుషులను సిద్ధం చేసుకోండి.