ఘుణాక్షరమూ ఛాయాచిత్రమూ

పురుగు కొయ్యను తొలుచుకొంటూ పోగా ఒక్కొక్కప్పుడు ఆ గాడి అక్షరంవలె కనిపించును. దీనిని పూర్వులు ఘుణాక్షర న్యాయమన్నారు. పురుగుకు అక్షరజ్ఞానం లేదు. చూచినవానికి మాత్రమే కలదు. ఛాయాచిత్రం కళ కాదనేవారు తెలిసో తెలియకో ఈ న్యాయాన్నే ఆశ్రయిస్తారు. యంత్రం తొలిచిన గాడిలో అక్షరం దొరికితే అందులో మనిషి ఘనత ఏమున్నదని వారి ప్రశ్న. తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదది.

ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు ఆఁరీ కార్తియే-బ్రెసాఁ (1908–2004) 1932లో పారిసులోని సాఁ-లజార్ స్టేషను వెనుక తీసిన చిత్రాన్ని ఇందుకు పరీక్షగా గ్రహింపవచ్చును. నీరు నిలిచిన ఖాళీ స్థలంలో, పడియున్న నిచ్చెన మీదనుండి ఒకడు దూకుతున్నాడు. మడమ ఇంకా నీటిని తాకలేదు. క్రింద అతని ప్రతిబింబం. వెనుక గోడమీది ప్రకటనలో, అతనిని అనుకరించినట్లు, గాలిలోకి ఎగిరిన నర్తకి. ఇదే పొందికను ఒక చిత్రకారుడు కల్పించియుంటే కృత్రిమమని విమర్శకులు పెదవి విరిచియుందురు. కాని ఇది కల్పన కాదు. పలకల కంచె సందులో కెమెరా పెట్టి తీసినది. కటకం ఆ సందులో పూర్తిగా పట్టలేదు. అందుచేత ఎడమ అంచును కోసివేయవలసి వచ్చినది. దూకే మనిషిని తాను చూడనేలేదని తీసినవాడే తరువాత చెప్పినాడు.

అతని 1952నాటి గ్రంథానికి ఫ్రెంచిలో ‘ఇమాజ్ ఆ లా సోవెత్’ అని పేరు. పోలీసు కంటబడితే మూట కట్టుకొని పరుగెత్తే వీధివర్తకుని హడావుడి ఆ పలుకుబడిలో ధ్వనించును. ఆంగ్లంలో అది ‘నిర్ణాయక క్షణం’ అనే అర్థమిచ్చే పేరుతో వెలువడినది. లోకం రెండవ పేరునే పట్టుకొన్నది. (పేరు మారితే గ్రంథమే మారునని అనువాదకులకు వేరే చెప్పనక్కరలేదు.) దొంగచాటుగా, తొందరలో చిక్కించుకొన్నది కాస్తా సర్వజ్ఞుడైన కళాకారుడు ఎంచి పట్టిన ముహూర్తమైనది. అదృష్టానికి చెందవలసిన భాగాన్ని అపహరించి ప్రతిభకు కట్టబెట్టుట న్యాయం కాదు.

అయినా పురుగుతో పోలిక ఒక చోట తెగిపోవును. పురుగు తన గాడులను తిరిగి చూచుకొని, వీటిలో ఇది అక్షరమని ఏరుకొనదు. ఆ సందులోకి తొంగిచూడవలెనన్న కుతూహలమూ, అచ్చయిన బొమ్మల నడుమ దీనిని గుర్తించిన చూపూ ఛాయాగ్రాహకునివే. శక్తి, నిపుణత, అభ్యాసం అని మమ్మటుడు చెప్పిన కావ్యహేతువులు ఇక్కడా వర్తించును. యాదృచ్ఛికతను నాల్గవదిగా చేర్చవలసియుండును, అంతే.

ఆ నాల్గవది ఎంత నిర్దయమైనదో ఢిల్లీలో తెలిసినది. 1948 జనవరి 30న, కాల్పులకు కొంత ముందు, కార్తియే-బ్రెసాఁ గాంధీజీకి తన చిత్రాల పుస్తకం చూపినాడు. కవి పాల్ క్లోదెల్ శవవాహనం వైపు చూస్తున్న చిత్రం దగ్గర ఆయన చాలాసేపు ఆగి, దాని భావమేమని అడిగినారట. ఆ రాత్రి బిర్లా భవన ద్వారం వద్ద నెహ్రూ మరణవార్త ప్రకటిస్తుండగా తీసిన చిత్రం దీపపు వెలుగులో మసకగా ఉన్నది. సాఁ-లజార్ చిత్రపు పొందిక దీనికి లేదు. అయినా దానికంటె ఇదే గొప్పది, చూచినవారిని మెచ్చుకోనీయదు గనుక.

హోమై వ్యారావాలా (1913–2012) అదే నగరంలో పనిచేస్తూ, అభ్యాసంలోగాని ఓర్పులోగాని ఎవరికీ తీసిపోనివారు. నెహ్రూ పావురాన్ని ఎగురవేసిన క్షణం ఆమెకు చిక్కినది. ఆనాటి ప్రార్థనాసభకు ఆమె కెమెరాతో బయలుదేరినారు కూడా. భర్త పిలువగా, మరునాడు వెళ్ళవచ్చునని వెనుదిరిగినారు.