కంటికి కనిపించని తప్పు: సాఫ్ట్‌వేర్ స్వయంశిక్షణలో స్వీయమూల్యాంకనం - ఒక విమర్శ

ఉపోద్ఘాతం:

తెలుగు శాఖలో పరిశోధనకు చేరిన విద్యార్థికి వర్డ్ ప్రాసెసర్ వాడకాన్ని ప్రత్యేకంగా నేర్పేవారు సాధారణంగా ఉండరు. ఒకప్పుడు ఆ అవసరమూ ఉండేది కాదు. చేతిరాత ప్రతిని డి.టి.పి. కేంద్రంలో ఇచ్చి, రెండు మూడుసార్లు ప్రూఫులు దిద్ది, బైండు చేయించి సమర్పిస్తే పని ముగిసేది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009 నాటి నిబంధనలతో పిహెచ్.డి. సిద్ధాంతవ్యాసాల ఎలక్ట్రానిక్ ప్రతి అవసరమైంది. ఆ ప్రతులను గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం శోధ్‌గంగలో భద్రపరుస్తోంది. ఈ మార్పుల నడుమ డి.టి.పి. ఆపరేటర్ కుర్చీలోకి క్రమంగా పరిశోధకుడే వచ్చి కూర్చున్నాడు. ఆపరేటర్‌కు ఏళ్ల అనుభవం ఉండేది, ప్రూఫు చూసేవారికి వేరే కన్ను ఉండేది. పరిశోధకుడికి ఉన్నది తన కన్ను ఒక్కటే.

ఇలా ఒంటరిగా నేర్చుకొనేవారికి విద్యాశాస్త్రం చూపే మార్గం పునరాలోచనతో కూడిన స్వీయమూల్యాంకనం. పని చేయడం, చేసినదాన్ని తిరిగి చూసుకోవడం, లోపం గుర్తించడం, మళ్లీ చేయడం దాని క్రమం. ఈ మార్గం మంచిదే. అయితే ఆచరణలో అది నేర్చుకొనేవాడి విశ్వాసాన్ని కొలుస్తున్నదా, అతడు చేసిన పనిని కొలుస్తున్నదా అన్న ప్రశ్న మిగిలిపోతుంది. తెలుగు పాఠాన్ని కంప్యూటర్‌లో రాయడం అనే ఒక్క సందర్భాన్ని తీసుకొని చూస్తే ఈ ప్రశ్న ఎంత కీలకమో తెలుస్తుంది.

స్టూడియోలో పుట్టిన సిద్ధాంతం:

పునరాలోచన గురించి మాట్లాడేవారు తరచుగా ఆధారం చేసుకొనే గ్రంథం డోనాల్డ్ షాన్ 1983లో ప్రచురించిన 'ది రిఫ్లెక్టివ్ ప్రాక్టీషనర్'. వృత్తినిపుణుడు పని చేస్తున్నప్పుడే ఆలోచిస్తాడనీ, చేతిలోని పదార్థం అతడికి బదులు పలుకుతుందనీ, ఆ బదులును విని అతడు తన పనిని మార్చుకుంటాడనీ షాన్ ప్రతిపాదన. ఈ ప్రతిపాదనకు ఆయన చూపిన ప్రసిద్ధ ఉదాహరణ వాస్తుశిల్ప స్టూడియో. పెట్రా అనే విద్యార్థిని గీసిన నమూనా ముందు క్విస్ట్ అనే అధ్యాపకుడు కూర్చుంటాడు. ఆమె ఎక్కడ చిక్కుకుందో చూసి, అదే కాగితంమీద తాను గీస్తూ మాట్లాడతాడు. అంటే షాన్ వర్ణించిన పునరాలోచనలో గురువు పక్కనే ఉన్నాడు. స్వయంశిక్షణ గురించిన చర్చల్లో ఈ సంగతి చాలాసార్లు జారిపోతుంది. గురువును తొలగించి, ఆలోచనను మాత్రం శిష్యుడికి అప్పగిస్తే మిగిలేది షాన్ సిద్ధాంతంలో సగమే.

పదార్థం బదులు పలకడం అనే రెండో సగం సాఫ్ట్‌వేర్ విషయంలో మరింత చిక్కైనది. ప్రోగ్రామింగ్ నేర్చుకొనేవాడికి కంపైలర్ కొంతవరకు గురువుగా పనిచేస్తుంది. ఒక గుర్తు తప్పితే ప్రోగ్రామ్ నడవదు. వర్డ్ ప్రాసెసర్‌కు ఆ కాఠిన్యం లేదు. శీర్షికను శైలిగా గుర్తించకుండా అక్షరాలను పెద్దవి చేసి ముద్దగా చూపినా, కొత్త అధ్యాయం కొత్త పేజీలో మొదలవడానికి ఇరవైసార్లు ఎంటర్ కొట్టినా, విషయసూచికలో పేజీసంఖ్యలను చేత్తో టైప్ చేసినా అది ఏమీ అనదు. కాగితంమీద అన్నీ సక్రమంగానే వస్తాయి. పర్యవేక్షకుడు మొదటి అధ్యాయంలో రెండు పేరాలు చేర్చమన్న రోజున విషయసూచిక అంతా తప్పుతుంది. అప్పటికి మూడేళ్లు గడిచి ఉంటాయి.

సున్న, విసర్గ, పొల్లు:

తెలుగులో ఈ మౌనం మరింత లోతుకు పోతుంది. అను వంటి పాత తరం ఫాంట్లలో టైప్ చేసిన పాఠం మనిషికి తెలుగు, యంత్రానికి కాదు. ఆ ఫాంటులో రోమన్ అక్షరాల, చిహ్నాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు కూర్చి ఉంటాయి. ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని రోమన్ గుర్తులు బయటపడతాయి. మార్పిడి ఉపకరణాలు ఉన్నా, మార్చిన పాఠాన్ని మళ్లీ సరిచూడక తప్పదు. 2018లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం గ్రంథచౌర్య నివారణ నిబంధనలను తెచ్చింది. అటువంటి పాఠంలోని తెలుగు మాటలను పోల్చిచూసే సాఫ్ట్‌వేర్ మాటలుగా గుర్తించలేదు. అచ్చులో నిండుగా ఉన్న గ్రంథం వెతుకులాటకు మాత్రం శూన్యం.

యూనికోడ్‌కు మారినవారు ఈ ప్రమాదాన్ని దాటినట్టే కనిపిస్తారు. పూర్తిగా దాటారనడం కష్టం. 'సంధి' అన్న మాటలో పూర్ణబిందువుకు బదులు తెలుగు అంకె సున్నను కొట్టి 'స౦ధి' అని రాస్తే చాలా ఫాంట్లలో చదివేవారికి తేడా తెలియదు. యూనికోడ్‌లో ఆ రెండూ వేర్వేరు సంకేతాలు కనుక ఒకదాని కోసం వెతికితే రెండోది దొరకదు. 'దుఃఖం' లోని విసర్గ స్థానంలో ద్విబిందువు పెట్టి 'దు:ఖం' అనడం ఇంకా విస్తారంగా కనిపించే అలవాటు. 'సాఫ్ట్‌వేర్' లోని పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక విభజక సంకేతం ఉంటుంది. అది లేకపోతే 'సాఫ్ట్వేర్' అని వకారం ఒత్తుగా మారుతుంది. ఒకే వ్యాసంలో రెండు రూపాలూ ఉంటే లెక్క తప్పుతుంది. పదప్రయోగాల గణన మీద ఆధారపడిన భాషాపరిశోధనకు ఇది చిన్న విషయం కాదు. ఒక కవి కావ్యంలో 'దుఃఖం' ఎన్నిసార్లు వచ్చిందో చెప్పే పరిశోధకుడు తన వేలి అలవాటును కవి మీద ఆరోపించే ప్రమాదం ఉంది.

పాత ఫాంటు నుంచి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుకు మారడంలో తెలుగు అధ్యాపకులకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగించే అంశం ఒకటి ఉంది. పాత పద్ధతిలో టైప్ చేసేవారు తలకట్టు, గుడి, ఒత్తు అంటూ ఆకారాలను కూర్చేవారు. ఇన్‌స్క్రిప్ట్‌లో అచ్చులు ఎడమచేతికి, హల్లులు ప్రధానంగా కుడిచేతికి వస్తాయి. సంయుక్తాక్షరానికి హల్లు, పొల్లు, హల్లు అన్న క్రమం పాటించాలి. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, ఈకారం అనే ఆరు సంకేతాలుగా విడిపోతుంది. వ్యాకరణం చదివినవారికి ఇది కొత్త కాదు, వర్ణవిభాగమే. కానీ చాలామంది ఈ మార్పును 'కీలు మారాయి' అన్న విసుగుతో దాటేస్తారు. రోమన్ లిపిలో కొట్టి సూచనల జాబితానుంచి మాటను ఎంచుకొనేవారికి ఆ విసుగు కూడా ఉండదు. యంత్రం చూపిన మాటను గుర్తుపట్టడం వారి పని. ణ-న, ళ-ల, శ-ష భేదాల బాధ్యత కొంత యంత్రానికి వెళ్లిపోతుంది.

'నాకు వచ్చు' అన్న మాట విలువ:

సాఫ్ట్‌వేర్ శిక్షణల చివర ఇచ్చే స్వీయమూల్యాంకన పట్టికల్లో తరచుగా 'నేను యూనికోడ్‌లో టైప్ చేయగలను', 'నేను విషయసూచిక తయారుచేయగలను' వంటి వాక్యాలు, వాటి ఎదురుగా 'బాగా', 'కొంతవరకు', 'లేదు' అన్న గడులు ఉంటాయి. 'దు:ఖం' అని రాసే వ్యక్తి మొదటి గడిలో నిజాయితీగానే టిక్కు పెడతాడు. అతడు అబద్ధమాడటం లేదు. తప్పును చూడటానికి కావలసిన జ్ఞానం, తప్పు చేయకుండా ఉండటానికి కావలసిన జ్ఞానం ఒకటే అయినప్పుడు అది లేనివాడికి తన లేమి కనిపించదు. జస్టిన్ క్రూగర్, డేవిడ్ డన్నింగ్ 1999లో ప్రచురించిన పరిశోధన హాస్యం, తర్కం, వ్యాకరణ పరీక్షలలో ఈ విషయాన్నే పరిశీలించింది. అట్టడుగు నాలుగోవంతులో నిలిచినవారి సగటు స్థానం 12వ పర్సెంటైల్ కాగా, తమది 62వ స్థానమని వారు అంచనా వేసుకున్నారు. ఆ ఫలితంలో కొంత భాగం గణాంకపద్ధతి సృష్టించినదేనని తర్వాత ఆక్షేపణలు వచ్చాయి. ఆ ఆక్షేపణలను పూర్తిగా అంగీకరించినా, విసర్గ ఉదాహరణకు ఏ గణాంకమూ అవసరం లేదు.

జాన్ కారోల్, మేరీ బెత్ రోసన్ 1987లో చేసిన విశ్లేషణ ఇక్కడ మరింత ఉపయుక్తం. కంప్యూటర్ వాడేవారు పని పూర్తికావాలన్న తొందరలో నేర్చుకోవడానికి ఆగరని, తెలిసిన పాత విషయం ద్వారానే కొత్తదాన్ని అర్థం చేసుకుంటారని వారి వాదం. సిద్ధాంతవ్యాసం గడువు దగ్గరపడిన పరిశోధకుడికి మొదటి మాట అద్దంలా సరిపోతుంది. వర్డ్ ప్రాసెసర్‌ను టైప్‌రైటర్‌గా, యూనికోడ్‌ను మరో ఫాంటుగా భావించేవారికి రెండోది సరిపోతుంది. ఐ.బి.ఎం. పరిశోధనకేంద్రంలో కారోల్ రూపొందించిన సంక్షిప్త శిక్షణపుస్తకం అభ్యాసకుడు తప్పు చేస్తాడని ముందే అంగీకరించి, దాన్ని గుర్తుపట్టే, దిద్దుకొనే దారిని పాఠంలోనే పెట్టింది. మన శిక్షణసామగ్రిలో కొరవడుతున్నది ఇదే. ఐ.ఐ.టి. బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు తెలుగులోనూ లభించడం మెచ్చదగినది. పాఠం ఒక పక్క నడుస్తుండగా మరో పక్క అభ్యాసకుడు అదే పని చేయడం ఆ పద్ధతి, చివర అభ్యాసమూ ఉంటుంది. కానీ చూపినదానితో తన తెరను పోల్చుకోవడం అనుకరణకు పరీక్ష. తన సొంత నాలుగు వందల పేజీల ఫైలులో ఏం జరుగుతున్నదో అది చెప్పదు.

ప్రశ్నను ఫైలునే అడగడం:

స్వీయమూల్యాంకనంలో తీర్పు చెప్పడంకన్నా ముందు ప్రమాణాలను గుర్తించడం ఉంటుందని డేవిడ్ బౌడ్ నొక్కిచెప్పాడు. ఒంటరి అభ్యాసకుడికి ఆ ప్రమాణం తన మనసులో దొరకదు, ఫైలులో దొరుకుతుంది. ఒక పేజీలో 'సంధి' ఎన్నిసార్లు ఉందో ముందు కంటితో లెక్కించి, తర్వాత యంత్రంతో వెతికించి, రెండు లెక్కలనూ పోల్చవచ్చు. ఒక శీర్షికను మార్చి విషయసూచికను నవీకరించి చూడవచ్చు. పి.డి.ఎఫ్. ప్రతినుంచి ఒక పేరాను నకలు తీసి వేరేచోట అతికిస్తే వచ్చేది తెలుగో కాదో తెలుస్తుంది. ఈ పరీక్షల్లో తెర చూపే బొమ్మకు విలువ లేదు కనుక మౌనంగా ఉన్న సాఫ్ట్‌వేర్ చేత మాట్లాడించే వీలు కలుగుతుంది. అభ్యాసకుడి దినచర్య పుస్తకంలో 'ఈ రోజు ఫుట్‌నోట్లు నేర్చుకున్నాను' అన్న వాక్యానికి బదులు 'పేజీలో తొమ్మిది ఉన్నాయి, యంత్రానికి ఆరే దొరికాయి, మిగిలిన మూడింట్లో సున్న తప్పు' అన్న వాక్యం ఉంటే దానిని పునరాలోచన అనవచ్చు. లెక్కలు కలిసినంత మాత్రాన అంతా సరైనదని కాదు. ఒకే తప్పును అన్నిచోట్లా ఒకేలా చేస్తూ, వెతికేటప్పుడూ అలాగే టైప్ చేసేవాడికి లెక్క సరిగ్గానే వస్తుంది. అందుకే మరొకరి చేత టైప్ చేయించిన మాటతో వెతకడం అవసరమవుతుంది. గురువు లేని చోట కూడా రెండో చేయి కావలసే వస్తుంది.

పరిశోధకుడు టైపిస్టు కానక్కరలేదన్న అభ్యంతరం సహజం. ఆ అభ్యంతరం ఆపరేటర్ ఉన్నంతకాలం చెల్లింది. 2014 నాటి జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి నిబంధనల తర్వాత రెండేళ్ల బి.ఎడ్.లో ఐ.సి.టి. అవగాహన, తన్ను తాను అర్థం చేసుకోవడం రెండూ చేరాయి, కానీ వేర్వేరు అంశాలుగా. మొదటిది ప్రాక్టికల్ రికార్డుగా, రెండోది అనుభూతుల డైరీగా ముగిసిపోతే రెండింటి మధ్య ఉండవలసిన పని ఎవరి వంతుకూ రాదు. పిహెచ్.డి. కోర్సువర్కులో కంప్యూటర్ వినియోగానికి చోటున్నచోట్ల కూడా పరీక్ష ప్రశ్నపత్రంతో జరిగితే ఫలితం అదే. విద్యార్థి తన సొంత అధ్యాయం ఫైలును తెచ్చి, పక్కవారి ఫైలులో ఒక మాట వెతికి, దొరకని చోట్లు ఎందుకు దొరకలేదో రాసి ఇవ్వడానికి రెండు గంటల సమయం చాలు. ప్రయోగశాల కూడా అక్కరలేదు, రెండు ల్యాప్‌టాప్‌లు ఉంటే సరిపోతుంది.