సంధి, పిచ్చి: మద్యం మానిన మనిషిని తెలుగు కథనం చూసిన తీరు

జ్వరం తలకెక్కి రోగి పొంతనలేని మాటలాడితే తెలుగువారు ‘సంధి పుట్టింది’ అంటారు. ఆ మాటలో ఒక రోగనిర్ణయం ఇమిడి ఉంది. చెదిరింది మనసైనా, చెదరగొట్టింది దేహంలోని వ్యాధి అని అది చెబుతుంది. ‘పిచ్చి’ అనే మాటలో ఈ సూచన లేదు. ఏళ్ల తరబడి తాగి హఠాత్తుగా మానిన మనిషికి కలిగే మతిభ్రమ నిజానికి సంధి. తెలుగు కథనం మాత్రం దాన్ని పిచ్చిగానో గాలిగానో చూస్తుంది.

వైద్యపరంగా ఈ తేడా ప్రాణాంతకమైనది. చివరిసారి తాగిన కొన్ని గంటలకే చేతుల వణుకు, చెమట, నిద్రలేమి మొదలవుతాయి. తొలి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజుల మధ్య అసలు సంధి కనిపిస్తుంది. రోగికి తానెక్కడున్నాడో, అది ఏ రోజో తెలియదు. గోడమీద పురుగులు పాకుతున్నట్లు చూస్తాడు, దుప్పటిని పీకుతుంటాడు. పగలు కాస్త తెలివిగా ఉండి రాత్రికి మళ్లీ చెదురుతాడు. తీవ్ర మానసిక వ్యాధిలో చెవికి వినిపించే మాటలు ప్రధానం, స్థలకాలాల తెలివి చాలావరకు నిలిచే ఉంటుంది. సంధిలో ముందుగా పోయేది ఆ తెలివే.

ఈ స్థితికి 1813లో థామస్ సట్టన్ ‘డెలీరియం ట్రెమెన్స్’ అని పేరు పెట్టాడు. మద్యం ఆగడమే దీనికి మూలమని ప్రయోగపూర్వకంగా చూపినది 1955లో హారిస్ ఇస్బెల్ బృందం. అందువల్ల పాత రచయితలను తప్పుపట్టడం న్యాయం కాదు. 1877 నాటి ‘లసొమ్మార్’ నవలలో జోలా, వైద్యుడు మాన్యాన్ రచనల ఆధారంగా కూపో వణుకునూ భ్రమలనూ ఆసుపత్రి గదిలో నిలబెట్టి చూపాడు. అయినా దాన్ని తాగుడు పరాకాష్ఠగానే చిత్రించాడు.

తెలుగులో ప్రసిద్ధ చిత్రణలు మరో దారి పట్టాయి. ‘కన్యాశుల్కం’ సారా దుకాణంలో మత్తు వేదాంతమై పలుకుతుంది. 1953 నాటి ‘దేవదాసు’లో తాగుడు విరహానికి శిక్ష, చావు దాని ముగింపు. రెండింటిలోనూ దృష్టి తాగుతున్న మనిషి మీదే. నెల్లూరు జిల్లా స్త్రీలు 1992లో సాగించిన సారా వ్యతిరేకోద్యమం, 1995 జనవరి 16 నుంచి అమలైన సంపూర్ణ మద్యనిషేధం సహజంగానే స్త్రీల గెలుపు కథలయ్యాయి. ఆ గెలుపు గొప్పదే. అయితే సీసా ఆగిన మూడో రాత్రి ఆ ఇంట్లో ఏమైందో అడిగే చోటు అలాంటి కథలో ఉండదు.

పత్రికాభాష ఈ లోటును ఇంకా పెంచింది. 2015 సెప్టెంబరులో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు జరిగాక నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. కల్లులో కలిసిన ఆల్ప్రజోలామ్ వంటి మత్తుమందులు ఆగడమే కారణం. 2020 లాక్‌డౌన్‌లో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి మద్యం దొరకని రోగులు బారులు తీరారు. రెండు సందర్భాల్లోనూ ‘వింత ప్రవర్తన’ అనే పదమే వార్తల్లో చెలామణి అయింది. వింత అన్నాక చూసేవాడు ప్రేక్షకుడవుతాడు. సంధి అంటే వైద్యుణ్ణి వెతుకుతాడు.

ముదిగుబ్బ వంటి అనంత కరవు సీమలో ఇది పదాల తగాదా మాత్రమే కాదు. శెనక్కాయ పంట పోయి బెంగళూరుకు వలస వెళ్లే దారిలోనో, అయ్యప్ప మాల వేసిన తొలి వారంలోనో తాగుడు ఒక్కసారిగా ఆగవచ్చు. మాలలో ఉన్న మనిషి మూడో రాత్రి లేని మనుషులతో మాట్లాడితే, ఇంటివారు దాన్ని పూనకమనుకోవడానికి అన్ని ఆస్కారాలూ ఉన్నాయి. కరవు కథ పంట నష్టాన్నీ అప్పునూ ఎంతో నిశితంగా నమోదు చేసింది. ఈ రాత్రిని రాయబోయే కథకుడు పాత్రచేత అడిగించవలసిన ప్రశ్నలు చాలా మామూలువి: ఈరోజు ఏ వారం, ఇది ఏ ఊరు, చివరిసారి ఎప్పుడు తాగినావు?