కౌమారానికి తగిన కథయేనా? లోయిస్ లోరీ నవల ‘ది గివర్’

పిల్లలకు ఏ కథ చెప్పవచ్చును, ఏ కథ చెప్పరాదు అనే ప్రశ్న సాహిత్యమంత పాతది. మన దేశంలో ఈ ప్రశ్నకు రెండు సమాధానాలు ఏనాటినుండియో ఉన్నవి. శుద్ధోదనుడు తన కుమారుని కంట ముసలితనం, రోగం, మరణం పడకుండ మేడ చుట్టును కాపలా పెట్టినాడు. కఠోపనిషత్తులోని నచికేతుడు బాలుడుగా ఉండగనే యముని ఇంటికి వెళ్ళి, మరణానంతరం ఏమున్నదని ఆ యమునే అడిగినాడు. ఒక తండ్రి దాచినాడు. ఒక బాలుడు అడిగినాడు. అమెరికన్ రచయిత్రి లోయిస్ లోరీ 1993లో ప్రకటించిన ‘ది గివర్’ నవల ఈ రెండింటి నడుమ నిలిచిన కథ.

లోరీ 1937లో హొనొలూలూలో జన్మించినది. తండ్రి సైన్యంలో దంతవైద్యుడు. యుద్ధానంతరం టోక్యోలో, కంచె నడుమ కట్టిన అమెరికన్ల నివాసంలో ఆమె బాల్యం కొంత గడచినది. ఆ కంచె దాటి సైకిలుపై జపనీయుల వీధులలోనికి పోవడం ఆమెకు ఇష్టమైన సాహసం. వార్ధక్యంలో తండ్రి జ్ఞాపకశక్తి సన్నగిల్లి, తన పెద్దకుమార్తె మరణించిన సంగతియే మరచిపోయినాడు. మరపు మనిషికి సుఖమా, నష్టమా అనే ఆలోచన అక్కడ పుట్టినది. కంచె, సైకిలు, మరపు మూడును నవలలోనికి వచ్చినవి. 1994లో ఈ గ్రంథానికి న్యూబెరీ పతకం లభించినది. అమెరికా పాఠశాలలు దీనిని పాఠ్యంగా స్వీకరించినవి. కొందరు తలిదండ్రులు దీనిని తొలగించవలెనని ఫిర్యాదు చేసినారు. బిరుదును నిషేధపు కోరికను ఒకే గ్రంథం పొందడం వింత కాదు గాని, కారణం విచారింపదగినది.

ఆదర్శలోక కల్పనను తలక్రిందు చేసిన ఈ జాతి రచనకు ఆంగ్లంలో డిస్టోపియా అని పేరు. హక్స్లీ 1932లో, ఆర్వెల్ 1949లో ఈ మార్గంలో వ్రాసిన నవలలు వయస్కులకు ఉద్దేశించినవి. మన సాహిత్యంలోను కళలోను దీనికి దగ్గరి బంధువులు లేకపోలేదు. రవీంద్రుని ‘తాషేర్ దేశ్’ (1933) నాటకంలో పేకముక్కల మనుషులు నియమమే ప్రాణంగా బ్రతుకుతారు. సత్యజిత్ రాయ్ తీసిన ‘హీరక్ రాజార్ దేశే’ (1980) చిత్రంలో రాజు బడిని మూయించి, ప్రజల బుర్రలను యంత్రంతో కడిగించుతాడు. ఈ రెండింటిలోను పాట ఉన్నది, నవ్వు ఉన్నది; చివర నియమం సడలుతుంది, రాజు తన విగ్రహాన్ని తానే పడలాగుతాడు. బాలప్రేక్షకుడు తేలికపడి ఇంటికి పోవచ్చును. లోరీ ఆ ఊరట ఇవ్వలేదు. వివాదానికి మొదటి మూలం అదియే.

కథానాయకుడు జోనస్ పదకొండేండ్ల బాలుడు. అతని ఊరిలో ఆకలి లేదు, యుద్ధం లేదు, తగవు లేదు. రంగులు లేవు, కొండలు లేవు, మంచు కురియదు. ప్రతి ఇంట ఒక బాలుడు, ఒక బాలిక. వారిని కన్నవారు వేరు, పెంచేవారు వేరు. తొమ్మిదవ ఏట సైకిలు, పండ్రెండవ ఏట పెద్దలు నిర్ణయించిన వృత్తి లభిస్తవి. యౌవనపు తొలి చలనం కనబడగానే ప్రతిదినం ఒక మాత్ర మ్రింగవలెను. ఊరివారందరి బదులుగా గతాన్ని మోసే వృద్ధుడొకడు ఉన్నాడు. ఆ బరువును స్వీకరించుటకు జోనస్ ఎన్నికైనాడు. వృద్ధుడు అతని వీపుపై చేతులుంచి జ్ఞాపకాలను ఒకటొకటిగా ఇచ్చివేస్తాడు.

ఆక్షేపణ కెక్కువగా గురియైన ఘట్టం కవల శిశువులది. జోనస్ తండ్రి పసిబిడ్డలను సాకే ఉద్యోగి, మృదుస్వభావుడు. ఒకే పోలికగల ఇద్దరు పుట్టినప్పుడు ఇద్దరినీ ఉంచడం ఊరి నియమం కాదు. తండ్రి ఇద్దరినీ తూచి, తేలికైనవానికి సూదిమందిచ్చి, ముద్దుమాటలు పలుకుతూనే ఆ దేహాన్ని పెట్టెలో ఉంచి పారవేస్తాడు. జోనస్ ఆ దృశ్యాన్ని తెరపై చూస్తాడు. ఇందులో రక్తం లేదు, కేక లేదు. భయమంతయు తండ్రి కంఠంలోని లాలిత్యంలో ఉన్నది. చంపుతున్నానని అతనికే తెలియదు. క్రౌర్యాన్ని వినోదంగా చూపిన రచన పాఠకుని మొద్దుబార్చుతుంది; ఈ ఘట్టం మేల్కొల్పుతుంది.

ఆ హత్యకు ఊరివారు పెట్టిన పేరు ‘విడుదల’. అనువాదకునికి నవలలో కష్టమైన మాట ఇదియే. హిందీలో ‘ముక్తి’ అన్నను, తెలుగులో ‘విముక్తి’ అన్నను వేదాంతపు వాసన వచ్చి, మరణం పవిత్రమైపోతుంది. మూలంలో ఆ మాట కచేరీ కాగితంలోని మాటవలె నిర్లిప్తమైనది. కనుక ‘విడుదల’ అనే పొడిమాటయే న్యాయం. అట్లే ఆ ఊరి ఆదర్శాన్ని ‘సమత’ అనరాదు, ‘ఏకరూపత’ అనవలెను. సమత కొరకు పోరాడిన దేశంలో ఈ రెండింటికిని భేదం తెలియకపోవడం ప్రమాదం. తనను ప్రేమిస్తున్నారా అని జోనస్ అడిగినప్పుడు, ఆ మాట అర్థం లేనిదని తలిదండ్రులు నవ్వుతూ దిద్దుతారు. మాట చచ్చిన చోట భావం ఎట్లు చచ్చునో పదమూడేండ్ల పాఠకునికి ఇంత సూటిగా తెలిపిన నవలలు అరుదు.

ఈ నవల తగినదా అనే ప్రశ్నకు సమాధానం నవలలోనే ఉన్నది. వృద్ధుడు మొదటిదినమే యుద్ధాన్ని చూపలేదు. ముందు మంచుకొండపై బండి జారిన ఆనందం, తరువాత ఎండ, ఆపై ఎండ కమిలించిన మంట, ఎన్నో దినాలకు విరిగిన కాలి నొప్పి, ఆ పిదపనే రణరంగం. యుద్ధాన్ని ఇచ్చిన తరువాత, తనకు ప్రియతమమైన కుటుంబపు పండుగ జ్ఞాపకాన్ని ఇచ్చినాడు. దాచడమూ కాదు, ఒక్కసారి కుమ్మరించడమూ కాదు. మోతాదు తెలిసి, పక్కన కూర్చుండి ఇవ్వడం. బాలసాహిత్య ధర్మం ఇంతకన్న వేరు కాదు. శుద్ధోదనుని ప్రేమలో లోపించినది దయ కాదు, ఈ సాహచర్యం.

అయినను గ్రంథం నిర్దోషమని చెప్పజాలము. జోనస్‌కు పూర్వం ఇదే పనికి ఎన్నికైన రోజ్‌మేరీ అనే బాలిక వేదన భరింపలేక ‘విడుదల’ కోరి, సూదిని తానే పొడుచుకొన్నది. ఆ ప్రసంగం కొన్ని పుటలలో ముగిసిపోతుంది. దుఃఖంలో ఉన్న బాలునికో బాలికకో ఈ పుటలు ఒంటరిగా చిక్కడం క్షేమం కాదు. ఆక్షేపకులు కవలల ఘట్టంకన్న దీనిపై నిలిచి ఉంటే వారి మాటకు బలం ఉండేది. జ్ఞాపకాలు దేహం నుండి దేహానికి పోయే తీరు, జోనస్ ఊరు విడువగానే అవి ప్రజలపైకి మరలే తీరు తర్కానికి లొంగవు. సిద్ధం కాని జనంపై అంత వేదనను ఒక్కసారిగా వదలుట న్యాయమా అనే ప్రశ్నను రచయిత్రి వృద్ధునిపై ఉంచి తప్పుకొన్నది. మోతాదు నేర్పిన నవల తన ముగింపులో ఆ మోతాదునే మరచినది.

ముగింపులో మంచుకొండపై జోనస్ చేతిలోని పసివానితో బండి జారుతూ దూరాన దీపాలను చూస్తాడు. అది గమ్యమో, చలికి చచ్చువాని భ్రమయో నవల చెప్పదు. 2012లో వెలువడిన ‘సన్’ వరకు సాగిన తరువాతి మూడు నవలలు సందేహాన్ని తీర్చినవి. కాని మొదటి నవల బలం ఆ సందేహంలోనే ఉన్నది. 2014లో చిత్రంగా తీసినవారు జోనస్ వయస్సును పెంచినారు. దానితో పసితనం జ్ఞానాన్ని మోయడమనే మూలవేదన పలచబడినది.

పదేండ్ల లోపువారికి ఈ నవల అనవసరపు బరువు. పండ్రెండు, పదమూడేండ్లవారికి తగినది, మాటాడుటకు పెద్దవారొకరు దగ్గర ఉన్నప్పుడు. పుస్తకాన్ని చేతికిచ్చి తప్పుకొను తండ్రియు, పుస్తకాన్ని లాగుకొను తండ్రియు ఒకే పొరపాటు చేస్తున్నారు. నచికేతుని ప్రశ్నకు యముడు వెంటనే బదులు చెప్పలేదు. వేరొక వరం కోరుకొమ్మని బుజ్జగించినాడు, పరీక్షించినాడు. కాని బాలుడు పట్టు విడువనప్పుడు, నీవు చిన్నవాడవని త్రోసిపుచ్చలేదు, కూర్చుండబెట్టి చెప్పినాడు.